విండోస్ 11 ఎక్కించాక సిస్టమ్ క్రాష్ అవుతోందా? ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి

తెనాలిలో మా పిన్ని కొడుక్కి డీటీపీ, జెరాక్స్ షాపు ఉంది. పెళ్లిళ్ల సీజన్ మొదలైన వారంలోనే వాడి సిస్టమ్‌కి విండోస్ 11 ఎక్కించారు. మర్నాటి నుంచి రోజుకి నాలుగైదుసార్లు స్క్రీన్ మీద ఏదో ఇంగ్లిష్ మెసేజ్ రావడం, దానంతటదే రీస్టార్ట్ అయిపోవడం. "అన్నయ్యా, శుభలేఖ సగం కంపోజ్ చేశాక మొత్తం పోయింది. పెళ్లికొడుకు నాన్నగారు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నారు" అని ఫోన్. పక్క వీధి మెకానిక్ వచ్చి చూసి ఒకటే మాట అన్నాడట: "ఫార్మాట్ కొట్టేద్దాం."

నిజానికి ఫార్మాట్ కొట్టినా ఆ క్రాష్ పోయేది కాదు. ఎందుకో మధ్యలో చెబుతాను.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తేదీకి అటూ ఇటూ చాలామంది ఇలాగే హడావుడిగా 11కి మారారు. ఇల్లు మారేటప్పుడు పనికిరాని సామాను కూడా లారీ ఎక్కించి తెచ్చుకుంటాం కదా, అప్‌గ్రేడ్ కూడా అలాంటిదే. మీ ఫైళ్లతో పాటు ఎప్పుడో పదేళ్ల నాటి ప్రింటర్ డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రామ్), వాడటం మానేసిన యాంటీవైరస్ ముక్కలు కూడా కొత్త విండోస్‌లోకి వచ్చేస్తాయి. నేను చూసిన క్రాష్‌లలో ఎక్కువ వాటికి మూలం ఆ పాత సామానులోనే దొరికింది.

ఒక మాట. కింద కమాండ్లు, ఫైల్ పేర్లు ఫోన్లో చదివి చెప్పేటట్టు తెలుగు అక్షరాల్లోనే రాశాను. టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు కొట్టాలి.

ముందు మూడు జాగ్రత్తలు

సిస్టమ్ ఓ పది నిమిషాలైనా నిలబడుతోందంటే ముందు డేటా కాపీ చేసుకోండి. ఎక్స్‌టర్నల్ డిస్క్ కానీ, పెన్‌డ్రైవ్ కానీ, ఏదైనా సరే. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, ఆ తర్వాత అకౌంట్ల సాఫ్ట్‌వేర్ డేటా ఫోల్డర్. ఈ చివరిది సీ డ్రైవ్‌లో ఏ మూలనో ఉంటుంది, అందరూ దాన్నే మర్చిపోతారు. పది నిమిషాలు కూడా నిలబడకపోతే ఈ పని సేఫ్ మోడ్‌లో చేద్దాం, అది కింద ఉంది.

రెండోది బిట్‌లాకర్ రికవరీ కీ. బిట్‌లాకర్, డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటే డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం. ఈ మధ్య వచ్చిన లాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద చూడండి. ఆన్ అయి ఉంటే, బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డ్ ప్రోగ్రామ్) ఏదైనా మార్చినప్పుడో రికవరీలోకి వెళ్లినప్పుడో 48 అంకెల కీ అడుగుతుంది. చాలావరకు అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది. ఫోన్ బ్రౌజర్లో లాగిన్ అయి, ఆ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కీ లేకుండా డిస్క్ లాక్ అయితే నేనే కాదు, ఎవరూ తెరవలేరు.

మూడోది గడువు. అప్‌గ్రేడ్ అయిన రోజు నుంచి 10 రోజుల లోపు వెనక్కి, అంటే విండోస్ 10కి, వెళ్లిపోవచ్చు. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, అక్కడ 'గో బ్యాక్' బటన్. పాత విండోస్ మొత్తం సీ డ్రైవ్‌లో 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డర్‌లో దాచి ఉంటుంది కాబట్టి ఇది కుదురుతుంది. పది రోజులు దాటితే ఆ ఫోల్డర్ దానంతటదే పోతుంది. అందుకే రిపేర్ మొదలుపెట్టే ముందే ఈ గడువు పెంచేసుకోండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి టెర్మినల్‌ని అడ్మిన్‌గా తెరిచి ఇది కొట్టండి: డీఐఎస్ఎం, స్పేస్, స్లాష్ ఆన్‌లైన్, స్పేస్, స్లాష్ సెట్ హైఫన్ ఓఎస్‌అన్‌ఇన్‌స్టాల్‌విండో, స్పేస్, స్లాష్ వ్యాల్యూ కోలన్ 60. దీంతో గడువు 60 రోజులవుతుంది. పది రోజులు దాటాక కొడితే లాభం లేదు. ఖాళీ కోసం డిస్క్ క్లీనప్ నడిపి ఆ పాత ఫోల్డర్‌ని మీరే చెరిపేసినా అంతే సంగతులు.

క్రాష్ అంటే ఏ క్రాష్?

"సిస్టమ్ పోతోంది" అని అందరూ అంటారు. ఎలా పోతోంది అన్నది ముఖ్యం.

స్టాప్ కోడ్‌తో (ఏ రకం క్రాష్ అన్నది చెప్పే గుర్తు) మెసేజ్ వచ్చి రీస్టార్ట్ అయితే అది విండోస్ తనంతట తాను ఆగిపోవడం. అలవాటు కొద్దీ అందరం బ్లూ స్క్రీన్ అంటాం కానీ 2025లో వచ్చిన అప్‌డేట్ల తర్వాత విండోస్ 11లో అది నల్ల స్క్రీన్. పేరు మారినా జబ్బు అదే. ఏ మెసేజూ లేకుండా కరెంటు తీసేసినట్టు ఠక్కున ఆగిపోతే మొదటి అనుమానం కరెంటు మీదో వేడి మీదో పెట్టండి. స్క్రీన్ బిగుసుకుపోయి మౌస్ కదలకపోతే అది హ్యాంగ్. గ్రాఫిక్స్ డ్రైవరో డిస్కో కారణమై ఉంటుంది. ఒక్క ప్రోగ్రామ్ మాత్రమే మూసుకుపోయి మిగతా సిస్టమ్ బాగానే ఉంటే ఈ గైడ్‌తో మీకు పని లేదు, ఆ ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ వేసుకోండి చాలు.

మెసేజ్ చదివేలోపే రీస్టార్ట్ అయిపోతోందా? విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి 'సిస్‌డీఎం డాట్ సీపీఎల్' అని కొట్టండి. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో స్టార్టప్ అండ్ రికవరీ కింద సెట్టింగ్స్ నొక్కండి. 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' దగ్గర టిక్ తీసేయండి. అక్కడే కింద 'స్మాల్ మెమరీ డంప్' (క్రాష్ అయినప్పుడు ఏం జరిగిందో విండోస్ రాసి పెట్టే ఫైల్) ఎంచుకోండి. ఈసారి స్క్రీన్ అలాగే నిలబడుతుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోండి. స్టాప్ కోడ్‌తో పాటు 'వాట్ ఫెయిల్డ్' అని ఫైల్ పేరు కనిపిస్తే మీ అదృష్టం, సగం పని అయిపోయినట్టే.

ఒక కాగితం, ఒక పెన్ను

ఇది నవ్వులాటకి చెప్పడం లేదు. సిస్టమ్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టి, పోయిన ప్రతిసారీ టైము, అప్పుడు ఏం చేస్తున్నారు, ఏం తగిలించి ఉంది అన్నది రాయండి. మా తమ్ముడి చేత రెండు రోజులు రాయించాను. 10:40, 12:15, 4:05, 6:50. నాలుగు చోట్లా వాడు రాసింది ఒకటే: "కంపోజింగ్ మొదలుపెట్టా."

కంపోజింగ్ ఎప్పుడు మొదలుపెడతావురా అంటే అసలు సంగతి బయటపడింది. వాడి దగ్గర సిస్టమ్‌లు రెండు, పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఒకటి. ఆ లైసెన్స్ ఒక యూఎస్‌బీ డాంగుల్‌లో ఉంటుంది. ఈ సిస్టమ్‌లోంచి పీకి ఆ సిస్టమ్‌కి, అక్కడి నుంచి పీకి దీనికి. రోజంతా అదే తిప్పుడు. డాంగుల్ ఇటు వచ్చిన కాసేపటికే సిస్టమ్ పోతోంది. వాడి దృష్టిలో డాంగుల్ అంటే తాళంచెవి లాంటిది, దానికి డ్రైవర్ ఒకటి ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

విండోస్ రాసుకున్న డైరీ

మీ నోట్‌బుక్‌కి తోడు విండోస్ దగ్గర కూడా లెక్క ఉంటుంది. విండోస్ కీ, ఆర్ నొక్కి 'పెర్ఫ్‌మాన్ స్లాష్ రెల్' అని కొట్టండి (పెర్ఫ్‌మాన్ తర్వాత స్పేస్ ఉండాలి). రిలయబిలిటీ మానిటర్ తెరుచుకుంటుంది. రోజువారీ గీత, కింద ఎర్ర గుర్తులు. ఏ రోజు నుంచి ఎర్ర గుర్తులు మొదలయ్యాయి, ఆ రోజు ఏం ఇన్‌స్టాల్ అయింది అన్నది ఒకే చోట కనిపిస్తుంది. ఇంత మంచి టూల్ విండోస్‌లో ఎప్పటి నుంచో ఉంది, ఎవరూ తెరవరు. కొన్నిసార్లు అప్‌గ్రేడ్‌కి ముందు వారమే ఎర్ర గుర్తులు మొదలై ఉంటాయి. అలా ఉంటే విండోస్ 11 మీద కోపం వదిలేసి నేరుగా కింద హార్డ్‌వేర్ భాగానికి వెళ్లండి.

ఇంకా లోతుగా కావాలంటే ఈవెంట్ వ్యూయర్. అందులో విండోస్ లాగ్స్, సిస్టమ్. 'కెర్నల్ పవర్ 41' అనే ఎర్ర ఎంట్రీ అందరికీ కనిపిస్తుంది. పేరులో పవర్ ఉంది కదా అని ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) మార్చేసిన వాళ్లని నేను చూశాను. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది అని చెప్పడమే ఆ ఎంట్రీ పని. ఎందుకు ఆగిందో అది చెప్పదు. డీటెయిల్స్ ట్యాబ్‌లో 'బగ్‌చెక్ కోడ్' చూడండి. అక్కడ 0 ఉంటే విండోస్‌కి ఏమీ రాసుకునే టైము కూడా దొరకలేదని అర్థం: కరెంటు పోయి ఉండాలి, వేడికి ఆగి ఉండాలి, లేదా హ్యాంగ్ అయితే మీరే బటన్ నొక్కి ఆపి ఉండాలి. వేరే అంకె ఉంటే అది స్టాప్ కోడే, కాకపోతే మామూలు దశాంశ లెక్కలో ఉంటుంది. ఉదాహరణకి 159 ఉంటే అది హెక్స్‌లో (పదికి బదులు పదహారుతో లెక్కించే పద్ధతి) 9ఎఫ్, అంటే 'డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్'. స్లీప్‌లోకి వెళ్లేటప్పుడో లేచేటప్పుడో ఏదో డ్రైవర్ మొరాయించిందన్నమాట. దీనికి ముందు చేయాల్సింది కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపడం.

'డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్' పేరుతో ఎంట్రీలు వరసగా ఉంటే అది హార్డ్‌వేర్ తనంతట తాను పెడుతున్న కేక. డ్రైవర్లతో కాలయాపన చేయకండి.

డంప్ ఫైల్ తెరవడం

క్రాష్ అయిన ప్రతిసారీ సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల 'మినీడంప్' అనే ఫోల్డర్‌లో చిన్న ఫైల్ ఒకటి పడుతుంది. వాటిని డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకోండి. చదవడానికి రెండు దారులు. తేలిక దారి నిర్‌సాఫ్ట్ వాళ్ల ఉచిత టూల్ 'బ్లూస్క్రీన్‌వ్యూ'. అసలు దారి మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరికే 'విన్‌డీబీజీ'. అందులో డంప్ తెరిచి, కింద పెట్టెలో ఆశ్చర్యార్థకం, అనలైజ్, స్పేస్, హైఫన్ వీ అని కొడితే ఒకటి రెండు నిమిషాల్లో పెద్ద రిపోర్ట్ వస్తుంది. మొత్తం చదవక్కర్లేదు. 'మాడ్యూల్ నేమ్', 'ఇమేజ్ నేమ్' అనే రెండు లైన్లు వెతకండి.

అక్కడ ఎన్‌టీఓఎస్‌కేఆర్‌ఎన్‌ఎల్ అని కనిపిస్తే విండోస్ పాడైందని గాభరా పడకండి. అది విండోస్ కెర్నల్, అంటే సిస్టమ్ మొత్తాన్ని నడిపే గుండెకాయ. ఊళ్లో ఏ గొడవ జరిగినా స్టేషన్ రికార్డులో ఎస్సై పేరు ఉంటుంది, అంతమాత్రాన గొడవ చేసింది ఎస్సై కాదు కదా. ఇదీ అంతే. ఇంకో డంప్ తెరవండి.

ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం అంటే ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవర్. ఏఎండీకేఎండీఏజీ అంటే ఏఎండీ గ్రాఫిక్స్. ఐజీడీకేఎండీతో మొదలైతే ఇంటెల్ గ్రాఫిక్స్. నెట్‌డబ్ల్యూటీడబ్ల్యూతో మొదలైతే ఇంటెల్ వైఫై. పేరు తెలియని ఫైల్ అయితే విండోస్ లోపల సిస్టమ్32, డ్రైవర్స్ ఫోల్డర్‌లో ఆ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డిజిటల్ సిగ్నేచర్స్ చూడండి. ఏ కంపెనీది, ఏ సంవత్సరానిది అన్నది తెలిసిపోతుంది.

ఒక్క డంప్ చూసి తీర్పు చెప్పొద్దు. కనీసం మూడు నాలుగు చూడండి. అన్నింట్లోనూ ఒకే ఫైల్ పేరు వస్తే ఆ డ్రైవరే దొంగ. ఒక్కోసారి ఒక్కో ఫైల్, ఒక్కో స్టాప్ కోడ్ వస్తోందా? ఒకసారి 'మెమరీ మేనేజ్‌మెంట్', ఇంకోసారి 'పేజ్ ఫాల్ట్', మరోసారి ఇంకేదో? అప్పుడు డ్రైవర్లని వదిలేసి ర్యామ్ మీదికి వెళ్లండి.

తెనాలి సిస్టమ్‌లో అయిదు డంప్‌లు తెరిస్తే అయిదింట్లోనూ ఒకే పేరు, నేనెప్పుడూ వినని ఫైల్. సిగ్నేచర్ చూస్తే ఆ డాంగుల్ తయారుచేసిన కంపెనీది, తేదీ 2011. విండోస్ 7 కాలం నుంచి వాడి వెంట నడిచొస్తోంది. ఫార్మాట్ కొట్టి మళ్లీ అదే సీడీ పెట్టి ఆ సాఫ్ట్‌వేర్ వేసి ఉంటే, ఆ డ్రైవర్ మళ్లీ వచ్చి కూర్చునేది. సాయంత్రానికి మళ్లీ అదే క్రాష్.

సేఫ్ మోడ్

సేఫ్ మోడ్‌లో విండోస్ తనకి తప్పనిసరి అయిన డ్రైవర్లతోనే లేస్తుంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. తర్వాత వచ్చే లిస్టులో 4 నొక్కితే మామూలు సేఫ్ మోడ్, 5 నొక్కితే ఇంటర్నెట్‌తో.

డెస్క్‌టాప్ దాకా రావడం లేదంటే, లోగో కనిపించగానే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే విండోస్ తనే రికవరీ స్క్రీన్ చూపిస్తుంది. సేఫ్ మోడ్‌లో కొన్నిసార్లు పిన్ పనిచేయదు, అకౌంట్ అసలు పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకుని కూర్చోండి.

అక్కడ ఒక గంటసేపు వదిలేయండి, ఫైళ్లు కాపీ చేయండి. క్రాష్ కాకపోతే తప్పు దాదాపుగా డ్రైవర్‌దో బయటి సాఫ్ట్‌వేర్‌దో. అక్కడ కూడా క్రాష్ అయితే హార్డ్‌వేర్ వైపు నడవండి.

డ్రైవర్లు, యాంటీవైరస్

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చాక అర రోజు వాడి చూడండి. ఒకేసారి అయిదు మారిస్తే క్రాష్ ఆగొచ్చు కానీ దేనివల్ల ఆగిందో తెలియదు, నెల తర్వాత మళ్లీ వస్తే మొదటికి రావాలి.

నేనైతే ముందు యాంటీవైరస్ తీసేస్తాను. ఆపడం కాదు, తీసేయడం. ఆ కంపెనీ సైట్‌లోనే రిమూవల్ టూల్ ఉంటుంది, అది వాడండి. విండోస్ డిఫెండర్ ఎలాగూ ఉంటుంది కాబట్టి భయం లేదు. యాంటీవైరస్‌లు కెర్నల్ లోపల కూర్చుని పనిచేస్తాయి, అక్కడ చిన్న తప్పు జరిగినా సిస్టమ్ మొత్తం పడిపోతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక తప్పుడు ఫైల్ వల్ల ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు బ్లూ స్క్రీన్‌తో ఆగిపోయాయి. మన విమానాశ్రయాల్లో కూడా బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన రోజు అది.

తర్వాత చిప్‌సెట్, స్టోరేజ్, గ్రాఫిక్స్, వైఫై, ఆడియో. ఇదే వరసలో. లాప్‌టాప్ అయితే దాని కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబర్ కొట్టి అక్కడి నుంచే దించుకోండి. అన్ని డ్రైవర్లనీ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేస్తామనే టూల్స్ జోలికి వెళ్లకండి, అవి తెచ్చే తలనొప్పి వేరు. అప్‌గ్రేడ్ అయ్యాక విండోస్ అప్‌డేటే ఏదైనా కొత్త డ్రైవర్ వేసి ఉంటే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్ తెరిచి 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మొండికేస్తే సేఫ్ మోడ్‌లో 'డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్' అనే ఉచిత టూల్‌తో తుడిచి మళ్లీ వేయండి.

విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్ డీటెయిల్స్ అని ఉంటుంది. అక్కడ మెమరీ ఇంటెగ్రిటీ ఆన్ చేయబోతే, దానికి పడని పాత డ్రైవర్ల లిస్టు చూపిస్తుంది. డంప్‌లు చదవడం కష్టమనుకునే వాళ్లకి పాత సామాను పట్టుకోవడానికి ఇది దగ్గరి దారి.

కొన్ని క్రాష్‌లు అందరికీ తెలిసినవే, మీ సిస్టమ్ ఆ కోవలోకి వస్తుందేమో చూసుకోండి. 11వ తరం ఇంటెల్ ప్రాసెసర్లున్న సిస్టమ్‌లలో ఇంటెల్ స్మార్ట్ సౌండ్ ఆడియో డ్రైవర్ 10.29.0.5152 లేదా 10.30.0.5152 ఉంటే విండోస్ 11లో బ్లూ స్క్రీన్ వస్తుంది. డివైస్ మేనేజర్‌లో సిస్టమ్ డివైసెస్ కింద 'ఇంటెల్ స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ ఆడియో కంట్రోలర్' వెర్షన్ చూడండి. చివరి అంకె 5714 కానీ అంతకంటే పెద్దది కానీ ఉంటే గొడవ లేదు. ఇంకోటి, 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌తో వెస్టర్న్ డిజిటల్ ఎస్ఎన్770, ఎస్ఎన్580 మోడళ్ల 2 టీబీ ఎస్ఎస్‌డీలున్న వాళ్లకి వరుసగా క్రాష్‌లు వచ్చాయి. ఈ ఎస్ఎస్‌డీలకి సొంత ర్యామ్ లేదు, సిస్టమ్ ర్యామ్‌లోంచి కొంత అరువు తీసుకుంటాయి. అంతకుముందు విండోస్ 64 ఎంబీ దగ్గర ఆపేది, 24హెచ్2లో అడిగిన 200 ఎంబీ ఇచ్చేసింది, అక్కడ బెడిసికొట్టింది. మందు ఎస్ఎస్‌డీ ఫర్మ్‌వేర్ (దాని లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్, కంపెనీ డ్యాష్‌బోర్డ్ యాప్‌లోనే దొరుకుతుంది. ఆసుస్ ఎక్స్415కేఏ, ఎక్స్515కేఏ లాప్‌టాప్‌లకైతే 24హెచ్2 వేయబోతేనే బ్లూ స్క్రీన్ వచ్చేది. దానికి బయోస్ అప్‌డేట్ చేయాల్సి వచ్చింది.

బయోస్ మాట వచ్చింది కాబట్టి: అప్‌డేట్ చేసేటప్పుడు లాప్‌టాప్‌కి ఛార్జర్, డెస్క్‌టాప్‌కి యూపీఎస్ తప్పనిసరి. మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డ్ చేతికి రాదు. బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటే ముందు దాన్ని సస్పెండ్ చేయండి. ఓవర్‌క్లాకింగ్, ఎక్స్ఎంపీ లాంటివి (ప్రాసెసర్‌నీ ర్యామ్‌నీ మామూలు కంటే వేగంగా నడిపే సెట్టింగ్‌లు) ఆన్ అయి ఉంటే పరీక్ష పూర్తయ్యే దాకా ఆపేయండి.

విండోస్ ఫైళ్ల మరమ్మతు

ఇక్కడ వరస ముఖ్యం. ముందు డీఐఎస్ఎం, తర్వాత ఎస్ఎఫ్‌సీ. చాలామంది తిరగేసి కొడతారు. మంచి ఫైళ్ల గోదామును బాగుచేసేది మొదటిది, ఆ గోదాములోంచి తెచ్చి పాడైన వాటి స్థానంలో పెట్టేది రెండోది.

అడ్మిన్ టెర్మినల్‌లో: డీఐఎస్ఎం, స్పేస్, స్లాష్ ఆన్‌లైన్, స్పేస్, స్లాష్ క్లీనప్ హైఫన్ ఇమేజ్, స్పేస్, స్లాష్ రిస్టోర్‌హెల్త్. ఇంటర్నెట్ ఉండాలి. 62 శాతం దగ్గర చాలాసేపు ఆగినట్టుంటుంది, టెన్షన్ పడి మూసేయకండి, టీ తాగి రండి. అది అయ్యాక: ఎస్ఎఫ్‌సీ, స్పేస్, స్లాష్ స్కాన్‌నౌ. పాడైన ఫైళ్లు దొరికాయి, బాగుచేశాం అని వస్తే రీస్టార్ట్ చేసి ఇంకోసారి నడపండి.

డిస్క్ మీద అనుమానం ఉంటే 'చెక్‌డిస్క్ స్లాష్ స్కాన్' చాలు (చెక్‌డిస్క్ అంటే సీహెచ్‌కేడీఎస్‌కే). 'స్లాష్ ఆర్' పెట్టి నడపమని ఎవరైనా చెబితే ముందు డేటా బయటికి తీశాకే. చావుబతుకుల్లో ఉన్న హార్డ్‌డిస్క్‌ని గంటల తరబడి చదివిస్తే అది అక్కడే ప్రాణం వదిలేస్తుంది.

హార్డ్‌వేర్ వైపు

ర్యామ్‌కి మన ఊళ్లలో అందరికీ తెలిసిన వైద్యమే: తీసి, బంగారు రంగు కాళ్లని పెన్సిల్ ఎరేజర్‌తో రుద్ది మళ్లీ పెట్టడం. నవ్వుకోకండి, తేమకి పట్టిన పొర పోయి నిజంగానే బాగవుతుంది. మెల్లగా రుద్దండి, రబ్బరు పొడి స్లాట్లో పడకుండా తుడవండి. తర్వాత మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్ మీద పెట్టి, దానితో బూట్ చేసి రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్ పనికిరాదు. రెండు స్టిక్‌లుంటే ఒక్కోటి విడిగా పెట్టి చూడండి. విండోస్ సొంత మెమరీ డయాగ్నస్టిక్ కూడా ఉంది కానీ అది చాలా తప్పులు వదిలేస్తుంది, నాకు నమ్మకం తక్కువ.

ఎస్ఎస్‌డీ సంగతి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో చెబుతుంది. 'కాషన్', 'బ్యాడ్' అని వస్తే రిపేర్ ఆలోచనలు మాని కొత్తది కొనండి. సీ డ్రైవ్‌లో ఖాళీ 20 జీబీ కంటే తక్కువ ఉంటే అప్‌గ్రేడ్ తర్వాత వచ్చే అప్‌డేట్లే సగంలో ఆగిపోయి ఇబ్బంది పెడతాయి.

వేడి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మే నెలలో మన దగ్గర ఫ్యాన్ గాలే వేడిగా ఉంటుంది. అప్‌గ్రేడ్ అయిన మొదటి రెండు రోజులు విండోస్ వెనకాల ఇండెక్సింగ్, అప్‌డేట్లు అంటూ ప్రాసెసర్‌ని బాగా పనిచేయిస్తుంది. దుమ్ముతో మూసుకుపోయిన ఫ్యాన్ అప్పుడే చేతులెత్తేస్తుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి టూల్‌తో ప్రాసెసర్ వేడి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడే 80 డిగ్రీలు దాటుతుంటే విప్పి దుమ్ము ఊది, థర్మల్ పేస్ట్ మార్పించండి.

13, 14వ తరం ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఉన్నవాళ్లు బయోస్ అప్‌డేట్ తప్పకుండా చేయండి. ఆ చిప్‌లలో కొన్నింటికి వోల్టేజ్ ఎక్కువై క్రమంగా దెబ్బతినే సమస్య ఉందని ఇంటెల్ 2024లో ఒప్పుకుని, వారంటీ ఇంకో రెండేళ్లు పెంచింది. ఒకసారి దెబ్బతిన్నది అప్‌డేట్‌తో బాగవదు, వారంటీలో మార్పించుకోవాల్సిందే.

టీపీఎం (విండోస్ 11 తప్పనిసరిగా అడిగే సెక్యూరిటీ చిప్) లేని పాత సిస్టమ్‌లలో చెక్‌లు దాటవేసి విండోస్ 11 ఎక్కించుకున్న వాళ్లకి ఒక మాట. అది నడవొచ్చు, చాలామందికి నడుస్తోంది కూడా. కానీ ఆ పాత హార్డ్‌వేర్‌లో చాలావాటికి కంపెనీలు విండోస్ 11 డ్రైవర్లు రాయలేదు, క్రాష్ అయితే అడగడానికి ఎవరూ లేరు. వెనక్కి వెళ్లడమే మంచిది.

అన్నీ చేసినా పోలేదా?

ఫార్మాట్ కంటే ముందు ఇంకో మెట్టు ఉంది. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో 'ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్' అనే చోట 'రీఇన్‌స్టాల్ నౌ' నొక్కితే మీ ఫైళ్లు, ప్రోగ్రామ్‌లు అలాగే ఉంచి విండోస్‌ని మళ్లీ వేస్తుంది. ఆ ఆప్షన్ కనిపించకపోతే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఐఎస్ఓ (విండోస్ ఇన్‌స్టాల్ ఫైల్) దించి, దాని మీద డబుల్ క్లిక్ చేసి సెటప్ నడపండి, 'కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్' ఎంచుకోండి. పాడైన విండోస్ ఫైళ్ల వల్ల వచ్చే క్రాష్‌లు దీంతో పోతాయి. డ్రైవర్ వల్ల వచ్చేవి పోవు.

అదీ కాకపోతే, గడువు ఇంకా ఉంటే, గో బ్యాక్. అప్‌గ్రేడ్ తర్వాత వేసుకున్న ప్రోగ్రామ్‌లు పోతాయి, ఫైళ్లు ఉంటాయి. విండోస్ 10లో ఉండిపోవాలనుకుంటే ఇళ్లలో వాడుకునే వాళ్లకి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఈఎస్‌యూ పథకంలో చేరండి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఆ లింక్ ఉంటుంది.

ఆఖరికి ఫార్మాటే దిక్కయితే, మీ విండోస్ ఒరిజినల్ అయిన పక్షంలో కీ గురించి బెంగ వద్దు. డిజిటల్ లైసెన్స్ మీ మదర్‌బోర్డ్‌తో ముడిపడి ఉంటుంది, ఇంటర్నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. ఇక యాక్టివేటర్లు, క్రాక్‌లు వాడిన సిస్టమ్ అయితే క్రాష్‌కి కారణం వెతకడంలో అర్థం లేదు, ఆ క్రాక్ లోపల ఏం కూర్చుందో ఎవరికి తెలుసు?

తెనాలి సిస్టమ్ దగ్గర ఇవేవీ అవసరం పడలేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డ్రైవర్స్ ఫోల్డర్‌లో ఆ 2011 నాటి ఫైల్ పేరు చివర 'ఓల్డ్' అని తగిలించి రీస్టార్ట్ చేయించాను. మామూలు డ్రైవర్లకి ఈ పని చేయకండి, స్టోరేజ్ డ్రైవర్ పేరు మారిస్తే సిస్టమ్ అసలు లేవదు. క్రాష్ ఆగింది, సాఫ్ట్‌వేర్ మాత్రం డాంగుల్‌ని గుర్తుపట్టడం మానేసింది. డాంగుల్ కంపెనీ సైట్‌లో విండోస్ 11 డ్రైవర్ ఉంది, ఉచితంగానే. పాతది అన్‌ఇన్‌స్టాల్ చేసి, అది వేసి, డాంగుల్ పెట్టాడు. ఆ సాయంత్రం మూడు వందల శుభలేఖలు ప్రింట్ అయ్యాయి.

వాడికి చెప్పినట్టే మీకూ చెబుతున్నాను: క్రాష్ ఆగిన వెంటనే విండోస్ డాట్ ఓల్డ్ చెరిపేయకండి. రెండు వారాలు పూర్తి పనితో, ప్రింటర్లు, స్కానర్లు అన్నీ తగిలించి వాడండి. రిలయబిలిటీ మానిటర్‌లో ఎర్ర గుర్తులు లేకపోతే ఒక రిస్టోర్ పాయింట్ పెట్టుకుని, ఆ తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లో 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్' దగ్గర టిక్ పెట్టి తీసేయండి. ఇరవై జీబీల దాకా ఖాళీ అవుతుంది. అలా తీసేసే ముందు 'డౌన్‌లోడ్స్' దగ్గర కూడా టిక్ ఉందేమో చూసి, ఉంటే ఆ టిక్ తీసేయండి, లేకపోతే మీ ఫైళ్లు కూడా వెళ్లిపోతాయి.